పెళ్లి వీడియోల ఎడిటింగ్‌కి ఇంట్లోనే పీసీ: ఎస్ఎస్‌డీ, హార్డ్ డిస్కులు, కేబుల్స్ ఏవి తీసుకోవాలి?

గోదారి_గట్టు (రాజమండ్రి)

అందరికీ నమస్తే. నేనూ మా తమ్ముడూ పెళ్లి వీడియోలు తీస్తాం. ఎడిటింగ్ ఇన్నాళ్లూ ల్యాప్‌టాప్ మీదే లాక్కొచ్చాం. ఇప్పుడు ఇంట్లోనే పీసీ బిగించుకుంటున్నాం. రైజెన్ 5 5600జీ ప్రాసెసర్, బీ550 మదర్‌బోర్డు, 32 జీబీ ర్యామ్, 650 వాట్ల మాడ్యులర్ పవర్ సప్లై వచ్చేశాయి. గ్రాఫిక్స్ కార్డు మాఘమాసం ముహూర్తాల డబ్బులు చేతికొచ్చాక.

మిగిలింది స్టోరేజీ. విండోస్‌కీ, నడుస్తున్న ప్రాజెక్టులకీ 1 టీబీ జెన్4 ఎన్‌వీఎంఈ (కేబుల్ లేకుండా బోర్డు మీదే దోపే వేగమైన ఎస్ఎస్‌డీ) అనుకున్నా. అయిపోయినవి దాచడానికి 4 టీబీ హార్డ్ డిస్కులు రెండు. ఒకే కంపెనీవి 4 టీబీలో రెండు రకాలు కనపడుతున్నాయి, ధరలో బాగా తేడా ఉంది. షాపాయన్ని అడిగితే "రెండూ ఒకటే సార్, స్టిక్కరే వేరు" అన్నాడు. నిజమేనా? బోర్డు డబ్బాలో సాటా కేబుల్స్ (డిస్కుని బోర్డుకి కలిపేవి) రెండొచ్చాయి. అవి చాలా, మంచివి విడిగా కొనాలా?

డబ్బా_డాక్టర్ (సికింద్రాబాద్)

ముందు ఒక మాట. 5600జీ మీద జెన్4 ఎస్ఎస్‌డీ పెడితే నడుస్తుంది, కానీ జెన్3 వేగంతోనే నడుస్తుంది. ఆ చిప్‌లో ఉన్నది పీసీఐఈ 3.0. ఎస్ఎస్‌డీ డేటా వెళ్లే దారి పేరే పీసీఐఈ, జెన్ అంటే దాని తరం. బోర్డు డబ్బా మీద 4.0 అని ఎంత పెద్ద అక్షరాలతో వేసినా, మొదటి ఎం.2 స్లాటుకి (ఎన్‌వీఎంఈ దోపే చోటు) లేన్లు, అంటే ఆ డేటా దారులు, ఇచ్చేది ప్రాసెసరే. జీ లేని 5600 తీసుకుని ఉంటే 4.0 వచ్చేది. రెండో ఎం.2 స్లాటు చిప్‌సెట్ (బోర్డు సొంత చిప్) మీద ఉంటుంది, బీ550లో అది ఎలాగూ 3.0 మాత్రమే.

కాబట్టి జెన్3, జెన్4 ధర దగ్గరదగ్గరగా ఉంటే జెన్4 కొనండి, రేపు ప్రాసెసర్ మార్చినా పనికొస్తుంది. దానికోసం ప్రత్యేకంగా డబ్బు ఎక్కువ పెట్టొద్దు.

సాటా కేబుల్స్ అంటారా, డబ్బాలో వచ్చినవి చాలు. బంగారు పూత, "సాటా 3 స్పెషల్" అంటూ అమ్మేవాటి జోలికి పోకండి. 3 జీబీపీఎస్ రోజుల నాటి కేబుల్ బాగుంటే 6 జీబీపీఎస్‌కీ అదే పనిచేస్తుంది, కేబుల్, కనెక్టర్ మారలేదు. చూడాల్సింది రెండే: ఇనుప క్లిప్పు ఉందా, పొడవు మీటరు లోపు ఉందా. క్యాబినెట్లో అరమీటరు ఎక్కువే.

ఫుల్_స్పీడ్ (బెంగళూరు)

వీడియో ఎడిటింగ్ అంటుంటే జెన్3 ఏంటి డాక్టర్ గారూ. 7000 ఎంబీ వచ్చే రోజుల్లో 3500 దగ్గర ఆగమంటారా? బ్రో, ఆ 5600జీ వెనక్కిచ్చేసి 5600 తెచ్చుకో. తర్వాత బాధపడతావు.

గోదారి_గట్టు

వెనక్కి తీసుకోరండీ, సీలు విప్పేశాం. పైగా గ్రాఫిక్స్ కార్డు వచ్చేదాకా, లోపలే గ్రాఫిక్స్ ఉన్న ఈ జీ లేకపోతే స్క్రీన్ మీద బొమ్మే రాదు కదా.

మినపసున్ని (నెల్లూరు)

ఫుల్_స్పీడ్ గారూ, లెక్క వేసి చూద్దాం. వీళ్ల కెమెరాలు 4కేలో 100 ఎంబీపీఎస్ రికార్డు చేస్తాయనుకోండి. అది మెగాబిట్లు. ఎనిమిదితో భాగిస్తే సెకనుకి 12.5 మెగాబైట్లు. టైమ్‌లైన్ మీద నాలుగు కెమెరాల ఫుటేజీ ఒకేసారి నడిచినా 50 ఎంబీ. మామూలు సాటా ఎస్ఎస్‌డీ 550 దాకా ఇస్తుంది. జెన్3 ఎన్‌వీఎంఈ 3500 ఇస్తుంది. వీళ్ల టైమ్‌లైన్ ఆగి ఆగి నడిస్తే దానికి కారణం డీకోడింగ్, అంటే ప్రాసెసరో గ్రాఫిక్సో. డిస్కు కాదు.

కార్డు నుంచి కాపీ చేసేటప్పుడు వేగం కావాలంటారా? యూహెచ్ఎస్-1 ఎస్‌డీ కార్డుకి స్టాండర్డు ప్రకారం గరిష్ఠం సెకనుకి 104 ఎంబీ. అవతల 7000 ఎంబీ ఎస్ఎస్‌డీ ఉన్నా కార్డు ఇచ్చేదే వస్తుంది. కాపీ త్వరగా అవ్వాలంటే డబ్బు పెట్టాల్సింది యూహెచ్ఎస్-2 కార్డుకీ, దానికి సరిపడే రీడరుకీ. అదీ కెమెరాలో ఆ స్లాటు ఉంటేనే.

గోదారి_గట్టు గారూ, మీరు చూడాల్సింది జెన్ నంబరు కన్నా లోపలి ఫ్లాష్ రకం. టీఎల్‌సీనా (ఒక్కో గడిలో మూడు బిట్లు), క్యూఎల్‌సీనా (నాలుగు బిట్లు) అని. ఇప్పటి ఎస్ఎస్‌డీ దాదాపు ఏదైనా మొదట కొన్ని గిగాబైట్లు ఎస్ఎల్‌సీ క్యాష్ అనే వేగమైన భాగంలో రాసుకుంటుంది. డబ్బా మీద వేసే అంకె దానిదే. అది నిండాక అసలు రంగు బయటపడుతుంది. శామ్‌సంగ్ 870 క్యూవీవో 1 టీబీకి క్యాష్ నిండాక రాసే వేగం 80 ఎంబీ అని ఆ కంపెనీ స్పెసిఫికేషన్‌లోనే ఉంది. హార్డ్ డిస్కు కన్నా తక్కువ!

100 ఎంబీపీఎస్ అంటే గంటకి 45 జీబీ. రెండు కెమెరాలు ఆరు గంటలు తిరిగితే 540 జీబీ. సినిమాలు, గేములు పెట్టుకునేవాళ్లకి క్యూఎల్‌సీ ఏ ఇబ్బందీ పెట్టదు. మీలాగా ఒక్క రాత్రిలో అరటెరాబైటు దించేవాళ్లకి టీఎల్‌సీనే కావాలి.

ఫుల్_స్పీడ్

మేడం, ఒప్పుకుంటున్నా కానీ క్యూఎల్‌సీ తొందరగా చచ్చిపోతుంది, అది చెప్పలేదు మీరు.

మినపసున్ని

చెప్పకపోవడానికి కారణం ఉంది. క్రూషల్ పీ3 1 టీబీకి కంపెనీ ఇచ్చే హామీ 220 టీబీడబ్ల్యూ, అంటే మొత్తం అన్ని టెరాబైట్లు రాసేదాకా. డబ్ల్యూడీ బ్లూ ఎస్ఎన్570 1 టీబీకి 600. అంకెల్లో తేడా పెద్దదే. కానీ పెళ్లికి 540 జీబీ చొప్పున లెక్కేస్తే 220 టీబీ అంటే నాలుగొందల పెళ్లిళ్లు. రెండరింగ్, ప్రివ్యూ ఫైళ్లు కలిపి రెట్టింపు వేసుకున్నా రెండొందలు. అన్ని పెళ్లిళ్లు చేసేలోపు వీళ్లే 2 టీబీకి మారిపోతారు. వీళ్లకి అరుగుదలతో సమస్య లేదండీ, రాత్రి పన్నెండింటికి కాపీ 80 ఎంబీకి పడిపోవడంతోనే.

డీర్యామ్ (ఏ డేటా ఎక్కడుందో గుర్తుపెట్టుకునే సొంత మెమరీ) లేని ఎస్ఎస్‌డీ అని భయపెట్టేవాళ్లు కూడా వస్తారు ఇప్పుడు. ఎన్‌వీఎంఈలో హెచ్ఎంబీ అని పీసీ ర్యామ్‌లోంచి కాస్త వాడుకునే ఏర్పాటు ఉంది, ఇంటి వాడకానికి తేడా తెలీదు. సాటా ఎస్ఎస్‌డీలో ఆ వెసులుబాటు లేదు, అక్కడ మాత్రం డీర్యామ్ ఉన్నదే చూసుకోండి.

ఓరుగల్లు_పెంగ్విన్ (హన్మకొండ)

4 టీబీ డిస్కుల సంగతి ఎవరూ చెప్పలేదు, నేను చెప్తా. స్టిక్కరే వేరు అన్న షాపాయన మాట నమ్మకండి అన్నా. లోపల రాసే పద్ధతే వేరు. సీఎంఆర్, ఎస్ఎంఆర్ అని రెండున్నాయి.

సీఎంఆర్‌లో ట్రాకులు పక్కపక్కన విడివిడిగా ఉంటాయి. ఎస్ఎంఆర్‌లో పెంకుటింటి మీద పెంకులు పేర్చినట్టు ఒకదాని అంచు మీదికి ఇంకోటి వస్తుంది. అదే పళ్లెంలో ఎక్కువ డేటా పడుతుంది, కంపెనీకి ఖర్చు తగ్గుతుంది. చదవడానికి ఏ ఇబ్బందీ లేదు. మధ్యలో ఒక ట్రాకు మార్చాలంటే మాత్రం దాని మీదున్న వరసంతా ఎత్తి మళ్లీ రాయాలి. డిస్కు పని లేకుండా ఉన్నప్పుడు ఆ సర్దుడు తనే చేసుకుంటుంది కాబట్టి కొన్న కొత్తలో తెలీదు. సగానికి పైగా నిండాక, పాతవి తీసేసి కొత్తవి వేసేటప్పుడు చూడాలి దాని నడక.

సీగేట్ బారకూడా 4 టీబీ (ఎస్‌టీ4000డీఎం004) ఎస్ఎంఆర్. అదే సీగేట్ ఐరన్‌వుల్ఫ్ సీఎంఆర్. రెండిటి లిస్టూ సీగేట్ సైట్లోనే ఉంది. డబ్ల్యూడీ వాళ్లు రెడ్ సిరీస్‌లో 2 నుంచి 6 టీబీ దాకా కొన్ని మోడళ్లలో చెప్పకుండా ఎస్ఎంఆర్ పెడితే 2020లో పెద్ద గొడవైంది. ఆ తర్వాతే రెడ్ ప్లస్ అని సీఎంఆర్‌వి విడిగా పేరు పెట్టారు. అందుకే బ్రాండు పేరు చూసి ఆగిపోకండి, మోడల్ నంబరు ఆఖరి అక్షరం దాకా చూడండి.

ఇంకో దారి. సీసీ కెమెరాల షాపుల్లో డబ్ల్యూడీ పర్పుల్, సీగేట్ స్కైహాక్ తేలిగ్గా దొరుకుతాయి. 4 టీబీవి సీఎంఆర్. రోజంతా వీడియో రాయడానికే చేసినవి. మీరు దాచేదీ వీడియోనే.

పాత_ఐడీఈ (విజయనగరం)

మా రోజుల్లో ఈ అక్షరాల గోల లేదు నాయనా. వెడల్పాటి రిబ్బన్ కేబుల్, వెనక జంపరు, మాస్టరు స్లేవు అంతే. రెండిటికీ మాస్టర్ జంపరే పెట్టి పీసీ లేవట్లేదని ఏడ్చేవాళ్లు, అది వేరే సంగతి. 2011లో థాయ్‌లాండ్ వరదలప్పుడు హార్డ్ డిస్కుల ధరలు ఆకాశానికెళ్లాయి, గుర్తున్నవాళ్లు ఉన్నారా ఇక్కడ? డబ్ల్యూడీ ఫ్యాక్టరీలూ, విడిభాగాలు చేసేవీ అక్కడ నీళ్లలో మునిగాయి. ఇవాళ ప్రపంచం మొత్తానికీ హార్డ్ డిస్కులు చేసే కంపెనీలు మూడే మిగిలాయి: సీగేట్, డబ్ల్యూడీ, తోషిబా. పేర్లు వేరే కనపడినా లోపలున్నది వీళ్లలో ఒకరిదే.

డాలస్_బావ (టెక్సాస్)

ఇక్కడ మేమంతా యూఎస్‌బీ ఎక్స్‌టర్నల్ డ్రైవులు సేల్‌లో కొని, డబ్బా పగలగొట్టి లోపలి డిస్కు తీసి పీసీలో పెట్టుకుంటాం. విడి డిస్కు కన్నా చవక. రాజమండ్రి తమ్ముడూ, నువ్వూ ఒకసారి ధర పోల్చి చూడు.

డబ్బా_డాక్టర్

బావగారూ, ఆ పని చేస్తే వారంటీ మీద ఆశ వదులుకోవాల్సిందే, అది ముందు చెప్పండి. ఇంకో చిక్కుంది. అలా తీసిన కొన్ని డిస్కులు పీసీలో పెడితే అసలు తిరగవు. సాటా పవర్ కనెక్టర్లో మూడో పిన్ను ఒకప్పుడు ఊరికే 3.3 వోల్టుల సరఫరా. కొత్త స్టాండర్డులో దాన్ని "డిస్కు ఆపు" అనే సిగ్నల్‌గా మార్చారు. మామూలు పవర్ సప్లై ఆ పిన్నుకి ఎప్పుడూ 3.3 ఇస్తూనే ఉంటుంది కాబట్టి డిస్కు ఆగే ఉంటుంది. డిస్కు పోయిందనుకుని చెత్తలో వేసినవాళ్లు ఉన్నారు.

డాలస్_బావ

అవును, ఆ పిన్నుల మీద కరెంటు పారని కాప్టన్ టేపు అంటిస్తాం. లేదా మోలెక్స్ (పాతకాలం నాలుగు పిన్నుల పవర్ కనెక్టరు) నుంచి సాటాకి మార్చే అడాప్టరు. మోలెక్స్‌లో 3.3 ఉండదుగా.

డబ్బా_డాక్టర్

టేపు సరే. మోలెక్స్ అడాప్టరు పేరెత్తారు కాబట్టి అందరికీ చెప్తున్నా. అందులో రెండు రకాలు. ఒకటి, వైర్లని కనెక్టర్లో పెట్టి పైనుంచి ప్లాస్టిక్ కరిగించి పోసినది. లోపల వైర్లు ఎంత దగ్గరగా ఉన్నాయో బయటికి కనపడదు, ఎడం సరిగ్గా లేకపోతే కొన్నాళ్లకి షార్టయి కాలిపోతుంది. రెండోది, వెనక మూత తీసి చూస్తే ఒక్కో వైరు ఒక్కో గాడిలో నొక్కి ఉన్నది. రెండోదే కొనండి. నా బల్ల మీదికి నల్లగా మాడిన కనెక్టరుతో వచ్చిన డిస్కులన్నీ మొదటి రకం పుణ్యమే.

సాటా పవర్ నుంచి గ్రాఫిక్స్ కార్డుకి ఆరు పిన్నుల అడాప్టరు అని కూడా అమ్ముతున్నారు. గోదారి_గట్టు గారూ, రేపు కార్డు కొన్నప్పుడు దాని జోలికి వెళ్లకండి. సాటా పవర్ కనెక్టర్లో 12 వోల్టులకి మూడు పిన్నులు, ఒక్కోటి ఒకటిన్నర ఆంపియర్లు, మొత్తం 54 వాట్లు. ఆరు పిన్నుల కార్డు అడిగేది 75.

గోదారి_గట్టు

చాలా థాంక్స్ అందరికీ. టీఎల్‌సీ ఎస్ఎస్‌డీ 1 టీబీ ఆర్డరు పెట్టా. డిస్కులు సీఎంఆర్‌వే రెండు తీసుకుంటా. ఒక వెబ్‌సైట్లో సర్వర్ డిస్కులు "న్యూ, బల్క్ ప్యాక్" అని చాలా తక్కువకి ఉన్నాయి, తీసుకోవచ్చా?

ఓరుగల్లు_పెంగ్విన్

జాగ్రత్త అన్నా. 2025 మొదట్లో యూరప్‌లో సీగేట్ ఎక్సోస్ డిస్కులు కొత్తవని అమ్మితే, అవి వేల గంటలు తిరిగిన పాతవని జర్మనీ పత్రిక హైజ్ బయటపెట్టింది. స్మార్ట్ వివరాల్లో (డిస్కు తన ఆరోగ్యం గురించి తనే రాసుకునే లెక్క) గంటలు సున్నా చేసేశారు. సీగేట్ డిస్కుల్లో ఫార్మ్ అని ఇంకో లాగ్ ఉంటుంది, దాంట్లో అసలు గంటలు దొరికిపోయాయి. స్మార్ట్‌సీటీఎల్ అనే ప్రోగ్రాం 7.4 వెర్షన్ నుంచి ఆ లాగ్ చదవొచ్చు. సెకండ్‌హ్యాండ్ అని చెప్పి అమ్మితే తప్పులేదు, కొత్తదని చెప్పి అమ్మితేనే తంటా.

డబ్బా_డాక్టర్

నేరుగా కొనాలంటే ఒకసారి హైదరాబాద్ వచ్చినప్పుడు పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్, అదే మన సీటీసీ, తిరగండి. ఎక్కడ కొన్నా ఒకటి మర్చిపోవద్దు. కౌంటర్ దగ్గరే నిలబడి డిస్కు మీది సీరియల్ నంబరు ఫోన్లో కంపెనీ వారంటీ పేజీలో కొట్టండి. మన దేశానికి వారంటీ చూపిస్తే డబ్బులివ్వండి. బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకోండి. జీఎస్‌టీ బిల్లు లేకుండా కాస్త తగ్గిస్తామంటారు, వద్దు.

ఫుల్_స్పీడ్

అసలు ఏఎండీ తీసుకోవడమే... ఇంటెల్ 12400 అయితే ఈ జెన్3 గోలే ఉండేది కాదు.

నిర్వాహకుడు

ఏఎండీ, ఇంటెల్ మీద ఇక్కడ పడ్డ పద్నాలుగు పోస్టులు ప్రాసెసర్ల విభాగంలోకి మార్చాను. ఇక్కడ డిస్కులు, కేబుల్స్ మాత్రమే.

గోదారి_గట్టు

అంతా బిగించాం, విండోస్ ఎక్కింది. కానీ రెండు డిస్కులూ ఏడిపిస్తున్నాయి. మొదటిది కనపడుతుంది, కాపీ మొదలుపెట్టిన కాసేపటికి మాయమవుతుంది. రీస్టార్ట్ చేస్తే మళ్లీ వస్తుంది. రెండోది అసలు బయోస్‌లోనే కనపడట్లేదు. మొదట బిగించినప్పుడు రెండూ కనపడ్డాయి. ల్యాప్‌టాప్‌లోంచి తీసిన పాత 256 జీబీ ఎస్ఎస్‌డీ రెండో ఎం.2 స్లాటులో పెట్టాం, అప్పట్నుంచి ఇదీ వరస. బోర్డు పోయిందా? రెండు డిస్కులూ డిఫెక్టా? తెల్లారితే ఫుటేజీ దించాలి, టెన్షన్‌గా ఉంది.

మినపసున్ని

కంగారు పడకండి. ఇవి రెండు వేరు వేరు సమస్యల్లా ఉన్నాయి. ఫుటేజీ కార్డుల్లోనే ఉంచండి, ఫార్మాట్ చేయకండి. ముందు కనపడని దాని సంగతి. దాన్ని బోర్డు మీద ఎన్నో నంబరు సాటా పోర్టుకి పెట్టారు?

గోదారి_గట్టు

5. అది బయటికి ఉంది, కేబుల్ పెట్టడానికి వీలుగా ఉందని.

మినపసున్ని

బోర్డు మాన్యువల్లో స్టోరేజీ పేజీ తీయండి. అడుగున చిన్న అక్షరాల్లో "రెండో ఎం.2 వాడితే సాటా 5, 6 పనిచేయవు" అన్నట్టు ఏదో ఉండాలి. చాలా బీ550 బోర్డులంతే. చిప్‌సెట్ దగ్గరున్న లేన్లు లెక్కకే, రెండో ఎం.2 నిండితే అవి అటు వెళ్లిపోతాయి. డిస్కుని 1 నుంచి 4లోపు పోర్టుకి మార్చండి.

మొదటిదానికి, డిస్కు స్మార్ట్ వివరాలు చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో ప్రోగ్రాం దించుకుని తెరవండి. 05, సీ5, సీ6, సీ7 ఈ నాలుగు వరసల రా వాల్యూలు ఇక్కడ పెట్టండి.

గోదారి_గట్టు

మీ నోట్లో పంచదార పొయ్యాలండీ! సరిగ్గా ఆ మాటే ఉంది మాన్యువల్లో, దీపం వెలుగులో కూడా కనపడనంత చిన్నగా. 3కి మార్చగానే డిస్కు వచ్చేసింది.

మొదటిదానికి 05, సీ5, సీ6 మూడూ సున్నాలే. సీ7 ఎదురుగా సున్నాల తర్వాత 12సీ అని ఉంది. అక్షరం ఎందుకొచ్చింది?

ఓరుగల్లు_పెంగ్విన్

అది పదహారుల లెక్కలో చూపిస్తుంది. 12సీ అంటే మన లెక్కలో 300. ఫంక్షన్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఫీచర్‌కి వెళ్లి రా వాల్యూస్‌ని 10 డెసిమల్ చేసుకో.

05 అంటే డిస్కు పాడైన సెక్టార్లు పక్కనబెట్టి వేరేవి వాడిన లెక్క. సీ5 అంటే చదవలేక అనుమానంలో పెట్టినవి, సీ6 ఇక బాగు చేయలేననుకున్నవి. ఆ మూడూ సున్నా అంటే పళ్లెం బాగుంది. సీ7 సీఆర్‌సీ లెక్క. బోర్డు పంపింది ఒకటి, డిస్కుకి చేరింది ఒకటి. అంటే దారిలో, కేబుల్లోనో కనెక్టర్లోనో తేడా వచ్చింది. కొత్త డిస్కుకి 300 చాలా ఎక్కువ. దానికి ఏ కేబుల్ పెట్టావన్నా?

గోదారి_గట్టు

డబ్బాలో వచ్చిన రెండూ పొట్టిగా అనిపిస్తే దీనికి పాత పీసీలోది పెట్టా. క్లిప్పు లేదు దానికి. క్యాబినెట్ మూత వేస్తుంటే కేబుల్ కాస్త నొక్కుకుంటోంది.

డబ్బా_డాక్టర్

దొరికింది. మూత కేబుల్‌ని నొక్కితే, కేబుల్ కనెక్టర్ని ఒక పక్కకి లాగుతుంది. డిస్కు తిరిగేటప్పుడు ఆ కాస్త అదురుకే పట్టు వదులుతుంది. క్లిప్పున్నది, ఒక చివర ఎల్ ఆకారంలో వంగినది తీసుకోండి. వంపు ఏ పక్కకి తిరగాలో ముందే చూసుకోండి, కిందికి వంగేదీ పైకి వంగేదీ రెండూ ఉంటాయి. రెండు డిస్కులు పక్కపక్కనే ఉంటే ఒక వంపు ఇంకోదానికి అడ్డం పడుతుంది. కేబుల్ని మరీ మడత పెట్టి టై వేసి బిగించకండి.

మార్చాక సీ7 సున్నా అవ్వదు. 300 దగ్గరే ఉండిపోతుంది. చూడాల్సింది అది ఇంకా పెరుగుతోందా లేదా అని.

గోదారి_గట్టు

రేపు పొద్దున్నే తెస్తా. ఇంకో చిన్న అడ్డు. కొత్త పవర్ సప్లైతో వచ్చిన సాటా పవర్ కేబుల్ పై డిస్కు దాకా అందట్లేదు. పాత పీసీ పవర్ సప్లై కూడా మాడ్యులరే, దాని సాటా కేబుల్ పొడుగ్గా ఉంది. అటువైపు ఆరు పిన్నులే, కొత్తదాంట్లో సరిగ్గా కూర్చుంది. దాన్నే వాడేస్తున్నా, ఇంకా ఆన్ చేయలేదు.

డబ్బా_డాక్టర్

ఆన్ చేయొద్దు!! ముందు ఆ కేబుల్ పీకేయండి.

కూర్చుంది కదా అని నమ్మకండి. డిస్కు వైపు ఉండే 15 పిన్నులకే స్టాండర్డు ఉంది. పవర్ సప్లై వైపు ఏ పిన్నులో ఏ వోల్టేజీ పెట్టాలో ఎవరి ఇష్టం వాళ్లది. ఒకే కంపెనీలో రెండు సిరీస్‌లకే తేడా ఉంటుంది. 5 వోల్టులు రావాల్సిన దారిలో 12 వస్తే డిస్కు బోర్డు క్షణంలో పోతుంది. రెండు డిస్కులూ ఒకే కేబుల్ మీద ఉంటే రెండూ పోతాయి. దానికి వారంటీ కూడా ఇవ్వరు. ఒకప్పుడు వైర్ల రంగు చూసి పోల్చుకునేవాళ్లం, పసుపు 12, ఎరుపు 5, నలుపు ఎర్త్ అని. ఇప్పటి మాడ్యులర్ కేబుల్స్ అన్నీ నలుపే.

పాత పవర్ సప్లై కేబుల్స్ అన్నీ దాని సంచిలోనే వేసి, మోడల్ పేరు రాసి కట్టేయండి. పొడవు చాలకపోతే డిస్కుని కింది బేలోకి మార్చండి. లేదా డిస్కు వైపు తగిలించే సాటా ఎక్స్‌టెన్షన్ తీసుకోండి, నొక్కిన రకం. రెండు డిస్కులకి అది చాలు.

పాత_ఐడీఈ

మా మోలెక్స్ రోజుల్లో ఈ బాధ లేదు అందామనుకున్నా. కానీ దాన్ని తిరగేసి బలవంతంగా దోపినవాళ్లు గుర్తొచ్చి మానేశా.

గోదారి_గట్టు

పీకేశానండీ, చేతులు వణికాయి. డిస్కుల్ని కింది బేలోకి దించాం, కొత్త కేబులే అందుతోంది. క్లిప్పున్న ఎల్ కేబుల్ తెచ్చి పెట్టాం. ఒక పెళ్లి మొత్తం కాపీ అయింది, సీ7 300 దగ్గరే ఉంది. డిస్కు మాయమవ్వలేదు.

రెండు సందేహాలు మిగిలాయి. 4 టీబీ డిస్కు 3.63 అని చూపిస్తోంది. ఇంకోటి, రెండు డిస్కుల్నీ రెయిడ్ 1 (ఒకదాంట్లో రాసింది రెండోదాంట్లోనూ పడేలా) చేసేస్తే బ్యాకప్ గొడవ తీరిపోతుంది కదా?

ఓరుగల్లు_పెంగ్విన్

3.63 సరైనదే. కంపెనీ వెయ్యితో లెక్కేస్తుంది, విండోస్ 1024తో. డిస్కుని మొదట జీపీటీగానే (డిస్కుని భాగాలు చేసే కొత్త పద్ధతి) ఇనిషియలైజ్ చేశావా? పాత పద్ధతి ఎంబీఆర్ అయితే 2 టీబీ తర్వాతది వాడుకోలేవు. 3.63 కనపడుతోందంటే జీపీటీనే అయ్యుంటుంది.

మినపసున్ని

రెయిడ్ 1 వద్దండీ. ఒక డిస్కు చచ్చిపోతే రెండోది ఆదుకుంటుంది, అంతే. మీ తమ్ముడు పొరపాటున ఒక ఫోల్డరు డిలీట్ చేస్తే అదే క్షణంలో రెండోదాంట్లోనూ పోతుంది. వైరస్ వచ్చి ఫైళ్లు తాళం వేస్తే రెండిటికీ పడుతుంది. పవర్ సప్లై తేడా చేస్తే ఒకే డబ్బాలో ఉన్న రెండూ ప్రమాదంలోనే.

ఒక డిస్కు లోపల ఉంచండి. రెండోదాన్ని 3.5 అంగుళాల ఎన్‌క్లోజరులో (యూఎస్‌బీతో తగిలించే డబ్బా) పెట్టి, పని అయిన ప్రతిసారీ కాపీ చేసి పీకేయండి. వీలైతే వేరే ఇంట్లో పెట్టండి, అత్తగారిల్లయినా సరే. ఆ ఎన్‌క్లోజరుకి 12 వోల్టుల అడాప్టరు విడిగా రావాలి, 3.5 డిస్కు యూఎస్‌బీ కరెంటుతో తిరగదు. పెళ్లివాళ్లకి ఫైనల్ వీడియో ఇచ్చి, వాళ్లు చూసి సరే అనేదాకా కెమెరా కార్డులు ఖాళీ చేయకండి. యూపీఎస్ కూడా ఒకటి పెట్టుకోండి, కాపీ మధ్యలో కరెంటు పోతే ఆ ఫైలు మీద నమ్మకం ఉండదు.

గోదారి_గట్టు

అర్థమైంది. ఎన్‌క్లోజరు ఆర్డరు పెడుతున్నా. అత్తగారిల్లు కాకినాడ, అక్కడే పెడతాం.

కొత్త_సభ్యురాలు (వరంగల్)

మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. నేను ఎన్‌వీఎంఈ ఎన్‌క్లోజరు కొన్నా, 10 జీబీపీఎస్ అని ఉంది. కాపీ 40 ఎంబీ దాటట్లేదు. ఎన్‌క్లోజరు మార్చాలా?

డబ్బా_డాక్టర్

ఏ కేబుల్ పెట్టారమ్మా? దాంతో వచ్చిందా, ఫోన్ ఛార్జరుదా?

కొత్త_సభ్యురాలు

ఫోన్‌దే. రెండు వైపులా టైప్-సీనే కదా అని.

డబ్బా_డాక్టర్

ఆకారం ఒకటే, లోపల వైర్లు వేరు. ఛార్జింగ్ కేబుల్స్ చాలావాటిలో యూఎస్‌బీ 2.0 వైర్లే ఉంటాయి, 480 ఎంబీపీఎస్. ఎనిమిదితో భాగిస్తే 60 ఎంబీ, వాడకంలో దక్కేది మీకొస్తున్న 40 దరిదాపుల్లోనే. ఎన్‌క్లోజరు డబ్బాలో ఒక పొట్టి కేబుల్ ఉంటుంది, అది పెట్టి చూడండి. పీసీ వెనక వైపు పోర్టుకే పెట్టండి, పక్కన 10 అని రాసి ఉన్నదానికి. అప్పటికీ 40 దాటకపోతే ఎన్‌క్లోజరు మోడలూ, బోర్డు మోడలూ ఇక్కడ పెట్టండి, చూద్దాం.